పక్క సీటువారితో మొదటి మాట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదు ఇంచుమించు ఒకే సంగతిని అడిగాయి. రోజూ తిరిగే చోట్ల, ముక్కూ మొహం తెలియని వారితో మాట కలపడం ఎలా అన్నది అందులో ఒక సగం. ఎప్పుడు కలపకూడదన్నది, అంతకంటే కష్టమైన రెండో సగం. ఉత్తరాలు రాసినవారి పేర్లు తీసివేసి, వారుండే ప్రాంతాల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: నా వయసు 26 సంవత్సరాలు. మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లెటూరు. రెండేళ్లుగా హైదరాబాద్ రాయదుర్గంలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. రోజూ ఉదయం మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారతాను. ఎక్కే ప్లాట్‌ఫారం మీద ప్రతిరోజూ ఒక పెద్దాయన కనిపిస్తారు. చేతిలో స్టీలు క్యారియర్, చంకలో మడిచిన దినపత్రిక. మా ఊరి బస్సులో అయితే ఈపాటికి ఆయన మనవల పేర్లు కూడా తెలిసి ఉండేవి. ఇక్కడ మాత్రం నోరు పెగలడం లేదు. పలకరిస్తే ఏమనుకుంటారో, డబ్బులు అడగడానికి వచ్చాననుకుంటారేమో అని భయం. లోపం నాదా, నగరానిదా? మొదటి మాట ఏమని మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కేపీహెచ్‌బీ కాలనీ

జవాబు: రెండేళ్లుగా ఆయన క్యారియర్‌నూ పత్రికనూ గుర్తుపెట్టుకున్న మనిషికి మాట కలపడం చేతకాదంటే నేను నమ్మను. మీ ఊరి బస్సులో ఎవరైనా మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఏమిటో గుర్తు చేసుకోండి. ‘ఎవరబ్బాయివి?’ అనే కదా. దానికి జవాబు దొరకగానే మీరు ఫలానావారి మనవడు, ఫలానా వీధివారు, ఇంకొంచెం లాగితే వరసకు బావో బాబాయో అయిపోతారు. ఆ తరవాత మాట్లాడటానికి వేరే అనుమతి అక్కరలేదు. మెట్రో ప్లాట్‌ఫారం మీద లాగడానికి ఆ తీగ ఉండదు. తీగ దొరకనిచోట మాట్లాడే హక్కు కూడా లేదని మనం తీర్మానించుకుంటాం. నగరంలో మీ నోరు పెగలకపోవడానికి నాకు తోచే ప్రధాన కారణం ఇదే.

ఇక్కడి మౌనంలో మర్యాద కూడా కొంత ఉంది. అమెరికా సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఈ అలవాటుకొక పేరే పెట్టాడు. జనం మసలే చోట ఎదురుపడిన ఇద్దరు అపరిచితులు ఒకరినొకరు క్షణకాలం చూసుకుని, చూశామన్న సంగతి తెలియనిచ్చి, వెంటనే చూపు తిప్పుకుంటారు; నీ జోలికి నేను రాను, నా వల్ల నీకు భయం లేదు అని చెప్పడమే దాని అర్థమని ఆయన వివరించాడు. కాబట్టి ఆ పెద్దాయన రోజూ మిమ్మల్ని చూసి చూడనట్టు పత్రిక విప్పుకుంటున్నారంటే, మీరు ఆయనకు నచ్చలేదని కాదు.

ఆయన మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం కూడా అసంభవమే. మనం ‘ముఖపరిచయం’ అనే మాటతో సరిపెట్టే ఈ సంబంధాన్ని 1970ల మొదట్లో న్యూయార్క్‌లోని మనస్తత్వశాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన విద్యార్థులు రైల్వే ప్లాట్‌ఫారాల మీద నిలబడినవారిని ఫొటోలు తీసి, తరవాత అదే వేళకు వెళ్లి వారికే ఆ ఫొటోలు చూపించి, ఇందులో ఎవరెవరిని ఎరుగుదురని అడిగారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది, ఎన్నడూ పలకరించని వారిలో కనీసం ఒక్కరినైనా గుర్తుపట్టారు. సగటున ఒక్కొక్కరికి అటువంటి ముఖాలు నాలుగు తెలుసు. మిల్‌గ్రామ్ గమనించిన మరో సంగతి నాకు మరీ ఇష్టం. రోజూ చూసుకునే చోటికి ఎంత దూరంలో ఎదురుపడితే, ఈ ముఖపరిచయస్తులు అంత తేలికగా మాట్లాడుకుంటారట. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో మిరపకాయ బజ్జీల దగ్గర ఆ పెద్దాయన కనిపించాడనుకోండి, మీరిద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా నవ్వుకుంటారని నేను పందెం కాస్తాను. కాని దానికోసం జనవరి దాకా ఆగనక్కరలేదు.

ఏమనుకుంటారో అన్న మీ భయం మీ ఒక్కరిదీ కాదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, లోకల్ రైలు ప్రయాణికులలో కొందరిని పక్కవారితో మాట్లాడమని, కొందరిని మౌనంగా కూర్చోమని, మరికొందరిని మామూలుగా ఉండమని కోరారు. మాట్లాడితే ప్రయాణం చికాకుగా ఉంటుందని ముందుగా ఊహించినవారే ఎక్కువ. తీరా చూస్తే, మాట్లాడినవారి ప్రయాణమే మిగిలినవారికంటే హాయిగా సాగింది. పక్కవారికి మాట్లాడటం ఇష్టం ఉండదని ఎవరికి వారు అనుకోవడమే అక్కడ తేలిన అసలు చిక్కు. షికాగో ఫలితాన్ని తెచ్చి మన మెట్రోకు యథాతథంగా అంటించడం నాకు ఇష్టం లేదు. అయితే ఎవరికి వారు అలా అనుకోవడం మాత్రం అమీర్‌పేటలో కూడా రోజూ కనిపించేదే.

ఇక మొదటి మాట. మనిషిని గురించి కాక, మీ ఇద్దరి ఎదుట ఉన్నదాన్ని గురించి మాట్లాడండి. ‘మీరు రోజూ ఇక్కడే నిలబడతారు కదండీ’ అన్న వాక్యం నిజమే అయినా, వినేవారికి ఎవరో తనను కనిపెడుతున్నారన్న గుబులు కలిగిస్తుంది. ‘ఇవాళ జనం మరీ ఎక్కువగా ఉన్నారండీ’ అన్న వాక్యంలో ఆ గుబులు లేదు. ఇందులో కొత్త విషయం ఏముంది, ఆయనకూ కళ్లున్నాయి కదా అని మీరు అనవచ్చు. లేకపోవడమే దాని గుణం. ‘ఏం ఎండలండీ బాబూ!’ అన్నవారు వాతావరణ సమాచారం అందించడం లేదు; ‘భోంచేశారా?’ అన్నవారు విస్తరి వేయబోవడం లేదు. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే, సమాచారం కోసం కాక కేవలం మనుషుల మధ్య బంధం కోసం పుట్టే ఇటువంటి మాటలను ప్రత్యేకంగా గుర్తించి వాటికి పేరు పెట్టాడు. మన అమ్మమ్మలకు ఆ పేరు తెలియకపోయినా పని తెలుసు.

మొదటి రెండు మూడు రోజులు మాట కూడా వద్దు. తల పంకించి చిన్నగా నవ్వితే చాలు. ఆయన తిరిగి నవ్విన మర్నాడు ఆ వాక్యం అనండి. ఆ పై రోజు పత్రిక మీకు సాయం చేస్తుంది: ‘ముందు ఆటల పేజీ చూస్తారా, సార్?’ అంటే చాలు. ‘అంకుల్’ అన్న పిలుపు మీద అందరికీ ఒకే అభిప్రాయం లేదు గనుక, ‘అండీ’తో నెట్టుకురండి, తెలుగులో అంతకు మించిన రక్షణ కవచం లేదు. ఇక్కడ మీ గోదావరి చెవికి ఒక హెచ్చరిక. ఆయన తెలంగాణవారైతే ‘ఏ ఊరు బిడ్డా నీది? ఏడ పనిజేస్తున్నవ్?’ అని అడగవచ్చు. ఆ ‘నువ్వు’ చిన్నచూపు అనుకుని ముడుచుకుపోకండి. ఆ నోట ‘బిడ్డా’ అని వచ్చిందంటే, మీ ఊరి బస్సులో దొరికే తీగ మీకు ఇక్కడా దొరికినట్టే.

ఒకవేళ ఆయన ‘ఊఁ’ అని మళ్లీ పత్రికలోకి వెళ్లిపోతే, మీరూ వెళ్లిపోండి. ఆయనకు పన్ను నొప్పి కావచ్చు, కోడలితో మాటపట్టింపు కావచ్చు. ఇంగ్లండులో పరిశోధన చేసే జిలియన్ శాండ్‌స్ట్రామ్ బృందం 2022లో ప్రచురించిన ప్రయోగంలో, వారం రోజులపాటు ఒక ఆటలాగా రోజూ కొత్తవారిని పలకరించినవారికి, తిరస్కారం తాము భయపడినంత తరచుగా ఎదురుకాదని అర్థమైంది. వారం చివరకు వారి బెరుకు కూడా తగ్గింది. ఈ విద్యలో పుస్తకం చదివి వచ్చేది తక్కువ, పది ముఖాలను పలకరించి వచ్చేది ఎక్కువ.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి రోజూ బస్సులోనే వెళ్తున్నాను. పక్కన కూర్చున్న ఆడవారు మంచివారే, కాని రెండు స్టాపులు దాటేలోపు ఇంటిపేరు, భర్త జీతం, పిల్లలు ఎందుకు లేరు అన్నవన్నీ అడిగేస్తారు. జవాబు చెప్పకపోతే పొగరంటారు, చెప్తే సలహాలు మొదలవుతాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై, ఆడపిల్లలకు, స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇవ్వడం వచ్చాక, బస్సులో ఆడవారి మాటల చప్పుడు పెరిగిందన్నది నా కళ్లూ చెవులూ చెప్పే సంగతి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి వెళ్లేలోపు పప్పుల ధర, మోకాళ్ల నొప్పి, ట్యూషన్ ఫీజు అన్నీ చర్చకు వస్తాయి. అది నాకు ఇష్టం కూడా. మీరు చెప్పిన బాధ మాత్రం నిజం. అడిగేవారిలో చాలామందికి దురుద్దేశం ఉండదు. పైన ఆ అబ్బాయికి చెప్పిన తీగ కోసమే వారూ వెతుకుతారు. పట్నంలో ‘ఎవరి తాలూకు’ అంటే తెగదు గనుక, పెళ్లి, పిల్లలు, జీతం అనే మూడు గుంజలకు మనిషిని కట్టేసి చూస్తారు.

ఇంటిపేరు ప్రశ్నను మాత్రం నేను వీటితో కలపను. చాలాసార్లు అది కులం అడగడానికి వేసుకునే మారువేషం. దానికి తిన్నగా జవాబు చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. ‘మా ఇంటిపేరు చెప్తే మీకు తెలియదు లెండి, మాది నల్లగొండ దగ్గర’ అని ఊరిలోకి దారి మళ్లించండి; ఊరి పేరు వినగానే సగంమంది ‘మా ఆడపడుచును అక్కడే ఇచ్చారు’ అని సొంత కథలోకి వెళ్లిపోతారు. మిగిలిన సగంమంది మళ్లీ అడుగుతారు. అప్పుడు నవ్వుతూనే ‘ఎందుకండీ, సంబంధాలేమైనా చూస్తున్నారా?’ అనవచ్చు. ఇది కొంచెం కారంగానే ఉంటుంది, కాని అది కోరి తెచ్చుకున్న కారం.

పిల్లల ప్రశ్న దగ్గర నేను ఎవరికీ నీతులు చెప్పలేను, ఎందుకంటే ఒకప్పుడు ఆ ప్రశ్న అడిగినవారిలో నేనూ ఉన్నాను. చాలా ఏళ్ల కిందట కోఠిలో బస్సు ఎక్కి, పక్కనున్న ఆవిడతో చీరల గురించి మాట్లాడుతూ, ఊపిరి తీసుకున్నంత అలవాటుగా ‘పిల్లలెంతమంది?’ అని అడిగాను. చాదర్‌ఘాట్ వంతెన దాటేదాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మలక్‌పేటలో దిగడానికి లేస్తూ, ‘ఉండేవాడండీ ఒక్కడు’ అంది. ఆ తరవాత నేనెవరినీ ఆ ప్రశ్న అడగలేదు. వారంతట వారు పిల్లల మాట ఎత్తితే, అప్పుడు మాత్రం ఎంతసేపైనా వింటాను.

మీకు ఎదురైనప్పుడు చేయదగిన పని ఒకటుంది. ప్రశ్నను వదిలేసి, ఆవిడ చేతిలో ఉన్నదాన్ని పట్టుకోండి. ‘అది సరే గాని అక్కా, ఈ గోంగూర ఎక్కడ కొన్నారు? ఇంత లేతగా ఉంది’ అంటే, పొగరన్న మాట రాదు, ప్రశ్నా మిగలదు. రోజూ కనిపించే మనిషే అయి, మళ్లీ మళ్లీ అదే తవ్వుతుంటే, ‘ఆ విషయం మాట్లాడటం నాకిష్టం ఉండదండీ’ అని ఒక్కసారి మెల్లగా, నవ్వు లేకుండా చెప్పండి. నవ్వుతూ చెప్తే మొహమాటం అనుకుంటారు.

ప్రశ్న: నేను హుజూరాబాద్ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. వయసు 68. భార్య పోయాక రెండేళ్ల కిందట కుమారుడి దగ్గరకు వచ్చాను. అపార్ట్‌మెంట్‌లో పార్కు ఉంది, బెంచీలున్నాయి, వాటి మీద ఫోన్లు చూసుకునే మనుషులూ ఉన్నారు. కొన్ని రోజులు సాయంత్రం వరకు నా గొంతు నాకే వినిపించదు. ఈ వయసులో కొత్త పరిచయాలు సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మాస్టారూ, ఆ పార్కు బెంచీని కొంతకాలం వదిలిపెట్టండి. మనుషులు ఏ పనీ లేకుండా కూర్చునే చోట మాట పుట్టడం కష్టం. ఏదో ఒక వస్తువు చేతులు మారే చోట సులువు. అందుకే మిమ్మల్ని కూకట్‌పల్లి రైతు బజారుకు పంపాలనుకుంటున్నాను. 1999లో ఈ బజార్లు మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం, దళారి లేకుండా పండించినవారే అమ్ముకోవడం. అందువల్ల ఎదుటి మనిషికి తన సరుకు గురించి చెప్పడానికి చాలా ఉంటుంది. ‘ఈ టమాటా చేవెళ్లదా, శంకర్‌పల్లిదా? ఈసారి వానలెట్ల పడ్డయి?’ అని అడగండి. కిలో టమాటాతోపాటు అర్ధగంట వ్యవసాయం వస్తుంది. అన్నీ ఒకేసారి కొనేయకుండా రోజుకొక కూర కొనండి. మీ కోడలు విసుక్కుంటే నా పేరు చెప్పండి.

రెండో చోటు టీ కొట్టు. ఒకే కొట్టుకు, ఒకే వేళకు వెళ్లండి. పది రోజుల్లో మీకు చక్కెర ఎంత వేయాలో అతనికి తెలుస్తుంది, పదిహేనో రోజు మీరు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాడు. ఇది చిన్న విషయమని తోచవచ్చు. పైన చెప్పిన శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్‌తో కలిసి 2014లో ప్రచురించిన మరో ప్రయోగంలో, ఒక కాఫీ దుకాణానికి వచ్చినవారిలో కొందరిని, కాఫీ ఇచ్చే మనిషి కళ్లలోకి చూసి, నవ్వి, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మిగిలినవారిని చకచకా పని ముగించుకు రమ్మన్నారు. మాట్లాడినవారి మనసు ఎక్కువ సంతోషంగా ఉందని, తాము కూడా ఈ లోకంలో ఒకరమన్న భావన వారిలో ఎక్కువగా కలిగిందని తేలింది.

అప్పుడప్పుడు కొంచెం దూరం కూడా వెళ్లండి. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉండగా, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మీరు ఒకప్పుడు బోధించిన పాఠ్యపుస్తకం అక్కడ దొరికితే, పక్కన వంగి వెతుకుతున్న మనిషికి చూపించకుండా మీరు ఉండలేరు. పాత ఇరానీ హోటల్లో కుర్చీ ఖాళీగా ఉంటే బల్ల ఎవరిదని ఎవరూ అడగరు. ముక్కూ మొహం తెలియనివారే ఎదురెదురుగా కూర్చుని ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుంటారు. అక్కడ ఎదుటివారిది ఉర్దూ అయినా మీకు ఇబ్బంది ఉండదనుకుంటాను. ఈ ఊరి దక్కనీకి వ్యాకరణం పట్టింపు తక్కువ.

ఒక్క విన్నపం. నేనూ కొన్నాళ్లు పాఠాలు చెప్పినదాన్నే గనుక చనువు తీసుకుని రాస్తున్నాను. ప్రశ్న వేసి, జవాబు కూడా మనమే చెప్పడం మన వృత్తి తెచ్చిన జబ్బు. ఎదుటివారు చెప్పినదాన్ని పట్టుకుని దాని మీదే మరో ప్రశ్న అడిగేవారిని మనుషులు ఎక్కువగా ఇష్టపడతారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో చూపించారు. టమాటా రైతు పురుగు మందు ధర చెప్పినప్పుడు, ‘మా కాలంలో…’ అనబోయే ముందు, ‘మరి ఎకరానికి ఎన్నిసార్లు కొట్టవలసి వస్తుంది?’ అని అడిగి చూడండి.

ప్రశ్న: కేబీఆర్ పార్కు దగ్గర ఉదయం నడకకు వెళ్తాను. అదే వేళకు ఒక అమ్మాయి రోజూ ఒంటరిగా నడుస్తుంది. పరిచయం చేసుకోవాలని ఉంది. ఎలా?
– ఒక పాఠకుడు, బంజారాహిల్స్

జవాబు: పెద్దాయన క్యారియర్ గురించి పైన నేను చెప్పినవేవీ మీకు వర్తించవు. ఆ ఉత్తరం రాసినతనికి పెద్దాయన ఏమనుకుంటారోనన్న భయం మాత్రమే ఉంది. ఒంటరిగా నడిచే అమ్మాయికి ఇంకా పెద్ద లెక్కలున్నాయి. రేపటి నుంచి దారి మార్చుకోవాలా, వేళ మార్చుకోవాలా, ఇంట్లో చెప్పాలా అని ఆమె ఆలోచించవలసి వస్తే, మీ మాట ఎంత మర్యాదగా ఉన్నా లాభం లేదు. ఈ నగరంలో 2014 అక్టోబర్‌లో, ఆడవారిని వేధించేవారిని పట్టుకునే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలను ఎందుకు మొదలుపెట్టవలసి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది.

ఆమె వెనక నడుస్తూ వెళ్లి మాట్లాడకండి, ఇయర్‌ఫోన్స్ తీయించకండి, పేరూ నంబరూ అడగకండి. నలుగురిలో ఎదురుపడినప్పుడు ‘గుడ్ మార్నింగ్’ అన్నంతవరకు తప్పు లేదు, అదీ ఒక్కసారే. ఆమె తిరిగి అనకపోతే మీరు మళ్లీ అనకూడదు. తిరిగి అంటే, అది గుడ్ మార్నింగ్‌కు జవాబు మాత్రమే.

ప్రశ్న: లింగంపల్లి నుంచి సికింద్రాబాద్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలులో వెళ్తాను. చదువుకోవడానికి నాకు దొరికేది ఆ ప్రయాణమే. ఈమధ్య ఒకావిడ రోజూ నాకోసం సీటు ఆపి, చివరి దాకా మాట్లాడుతున్నారు. ఆవిడంటే ఇష్టమే. కాని మాట ముగించడం ఎలాగో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, చందానగర్

జవాబు: మాట ముగించడం ఎవరికీ సరిగ్గా రాదు. అమెరికాలో ఆడమ్ మాస్ట్రోయాని బృందం 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసిన సంభాషణలు నూటికి రెండు మాత్రమే. ఇక ఆపితే బాగుండునని అనుకుంటూ ఇద్దరూ కొనసాగించినవి, ఇంకాసేపు ఉంటే బాగుండునని ఇద్దరికీ ఉండగానే ఆగిపోయినవి కూడా మిగిలినవాటిలో ఉన్నాయి. కాబట్టి ఆవిడ కూడా మీకోసమే మాట్లాడుతున్నారేమో ఆలోచించండి. సీటు ఆపాక మౌనంగా కూర్చుంటే బాగుండదని ఆవిడకు అనిపించవచ్చు.

తెలుగులో ఇంటి నుంచి బయలుదేరేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. రైలులో ఆ మాటకు వీలు లేదు, ఎందుకంటే మాట ముగిశాక కూడా పక్కనే కూర్చోవాలి. అందుకని ముగింపును మధ్యలో కాక మొదట్లోనే పెట్టండి. రేపు కూర్చోగానే సంచిలోంచి పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని, ‘అక్కా, భరత్‌నగర్ దాకా కబుర్లు, ఆ తరవాత బేగంపేట దాటేలోపు నాకు ఈ అధ్యాయం పూర్తికావాలి’ అని చెప్పండి. భరత్‌నగర్ వచ్చాక ఆవిడే గుర్తుచేస్తారు. చేయకపోతే, పుస్తకం తెరిచి మొదటి వాక్యం ఆవిడకు చదివి వినిపించి, తరవాత మనసులో చదువుకోండి.